దూదిపుల్ల

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది
ఫిబ్రవరి 3

చేపల డాక్టరమ్మకి చెవిటి అక్క దీవెనలు.

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు. ఈ మధ్య బళ్ళలో పిల్లలందరికీ కంటి పరీక్షలు పెట్టారు, రోజుకి ముప్ఫై జతల అద్దాలు అరగదీస్తున్నాను. ఆ రాయి కీచుమనే చప్పుడుకే కదా నా ఎడమ చెవి పోయింది. ఇప్పుడు కుడిది కూడా సెలవు పెట్టేలా ఉంది. "ఈ కాలంలో ఉత్తరాలేంటి, మెసేజీలు పెట్టుకోండి" అంటాడు మీ బావ. లారీ మీద తిరిగే మనిషి, ఆయనకి రెండు ముక్కలు చాలు. నాకు చాలవు. ఫోనులో నీ గొంతు వినబడదు కాబట్టి నీ చేతిరాతలోనైనా నువ్వు ఎలా ఉన్నావో చూసుకోవాలి నాకు.

మన గొంగళి పాప ఫొటో ఒకటి ఇందులో పెట్టాను. పదిరోజుల పిల్లగా చూసి వెళ్ళావు, ఇప్పుడు దానికి రెండున్నరేళ్ళు. ఒళ్ళంతా నూగు చూసి ఆ పేరు పెట్టింది నువ్వే. పురిటి వెంట్రుకలు, రాలిపోతాయి అన్నారు అందరూ. రాలలేదు. ఇన్నాళ్ళూ నీకు పంపిన ఫొటోల్లో టోపీ, పొడుగు చేతుల చొక్కా వేసి కూర్చోబెట్టేదాన్ని. నీ దగ్గర దాచడమేంటని ఇప్పుడు సిగ్గేస్తోంది. ఈ ఫొటో మీ బావ తీశాడు. స్నానం అవగానే తువ్వాలు విసిరేసి పరిగెడుతోంది. నవ్వు బాగుంది కదా అని పంపిస్తున్నాను.

మా అత్తగారు మొన్న దాని వీపు దువ్వెనతో దువ్వుతూ "మా వైపు ఎవరికీ లేదమ్మా ఇలా" అంది. వినబడనట్టు ఊరుకున్నాను. చెవుడుకి ఆ ఒక్క సుఖం ఉంది.

దానికి జలుబు చేస్తే వీధి చివరి డాక్టరుకి చూపించాను. గుండెలో ఏదో చప్పుడుందట, పెద్దాసుపత్రికి వెళ్ళమని చీటీ రాశాడు. మే పద్దెనిమిదికి తారీఖు దొరికింది. చిన్నపిల్లల గుండెల్లో చప్పుళ్ళు మామూలేనని పక్కింటావిడ ధైర్యం చెప్పింది. నాకు బయటి చప్పుళ్ళే అందవు, లోపలివాటి సంగతి నేనేం చెప్పను.

అన్నట్టు, మీ చెల్లెలు ఏం చేస్తుందని దుకాణానికి వచ్చిన ఒకాయన అడిగాడు. చేపపిల్లల మెదళ్ళు చూస్తుందన్నాను. "పాపం, వేరే ఉద్యోగం దొరకలేదా" అన్నాడు. ఈసారి అడిగినవాళ్ళకి చెప్పుకునేలా కాస్త వివరంగా రాయి.

నీ అక్క

*

ల్యాబు, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 20

అక్కా,

ఫొటో అందింది. చాలాసేపు చూశాను.

నా పని అడిగావు కాబట్టి ముందు అది రాస్తాను. మెదడులో రక్తనాళాల గోడల్ని బయట నుంచి కొన్ని కణాలు చుట్టుకుని పట్టుకుంటాయి. పిండంగా ఉన్నప్పుడు అవి ఇంకా ఏ పనీ నేర్వని కణాలు. పెరిగేకొద్దీ వాటిలో కొన్ని కండరంగా మారతాయి. నాళం ఎప్పుడు బిగియాలో, ఎప్పుడు వదులవ్వాలో చూసుకునేది ఆ కండరమే. ఏ కణం మారాలి, ఏది మారకూడదు అన్నది తేల్చేవాటిలో పొటాషియం ఒకటి. అరటిపండులో ఉంటుందని బళ్ళో చదువుకున్నామే, అదే. ఆ కణాల పొరలో పొటాషియం బయటికి పోవడానికి సన్నటి ద్వారాలుంటాయి. ద్వారం మూసుకుపోతే కణం కండరంగా మారదు. తెరుచుకునే ఉండిపోతే మారకూడని చోట కూడా మారిపోతుంది. అప్పుడు మెదడు రక్తం అడిగినప్పుడు నాళం సరిగ్గా పలకదు.

మనుషుల మెదడులో ఇది జరుగుతుంటే చూడలేం. మా చేపపిల్లలు గాజులా ఉంటాయి, తల లోపల రక్తం పరిగెత్తడం కూడా కనిపిస్తుంది. పొద్దున దీపాలు వెయ్యగానే పెద్ద చేపలు గుడ్లు పెడతాయి. వాటిని ఏరి, ద్వారం చెడిన పిల్లల్నీ మంచి పిల్లల్నీ పెంచి, నాలుగో రోజున నాళాల మీది కణాలు లెక్కపెడతాను. ఏ గిన్నెలో ఏ పిల్లలున్నాయో లెక్కపెట్టే మనిషికి తెలియకూడదని నియమం. పక్క బల్ల అమ్మాయి పేర్లు చెరిపేసి అంకెలు వేస్తుంది. తెలిస్తే కన్ను తనకి కావలసిందే చూస్తుందంటారు మేడమ్. మా ల్యాబులో దీన్ని గుడ్డి లెక్క అంటాం.

ఇప్పుడు కొన్ని అడుగుతాను, విసుక్కోకుండా చెప్పు. గొంగళి పుట్టినప్పుడు బరువెంత? కాళ్ళూ చేతులూ ఉబ్బినట్టు మెత్తగా ఉంటాయా? నిద్రలో చెమటలు పడతాయా? మెట్లెక్కితే ఆయాసపడుతుందా? దాని నుదుటి మీద వెంట్రుకలు కనుబొమ్మల దాకా ఉన్నాయి, పుట్టినప్పుడూ అంతేనా?

ఇంకో సాయం. మా ల్యాబులో పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్న పిల్లల నమూనాలు కావాలి. కవరులో రెండు దూదిపుల్లలు పెట్టాను, ఒకటి పాడైతే రెండోది వాడొచ్చు. గొంగళి బుగ్గ లోపల అర నిమిషం రుద్ది, ఆరబెట్టి, గొట్టంలో పెట్టి మూత బిగించి పంపు. నొప్పేమీ ఉండదు. దానికి పెద్ద అర్థం వెతక్కు, మా పక్కబల్ల అమ్మాయి తమ్ముడిది కూడా తీసుకున్నాం.

నీ చెల్లి

*

ఇంట్లో, వంటింటి బల్ల
మార్చి 12

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ నువ్వే రాశావు. రెండో పేజీ ఎవరో పోలీసు రాసినట్టుంది.

బరువు నాలుగున్నర కిలోలు. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు కాబట్టి అది చెప్పడానికి నాకు భయం లేదు. చేతులు మెత్తగానే ఉంటాయి, ముద్దుగా ఉంటాయి. చెమటలు ఏ పిల్లలకి పట్టవు? మెట్లు మాకు పదకొండే, మీ బావ ఎత్తుకుంటాడు. నుదుటి వెంట్రుకలు నువ్వు వచ్చినప్పుడూ ఉన్నాయి, నువ్వే వేలితో నిమిరి "పట్టు పురుగు" అన్నావు. తర్వాత గొంగళి అన్నావు. అప్పుడు నీకేమీ తోచలేదు కదా. ఇప్పుడు ఎక్కడో కూర్చుని ఒక ఫొటో చూసి ఏం తోచింది?

నన్ను అడక్కు, నేను నిన్ను అడగను. దూదిపుల్ల పంపిస్తున్నాను. రెండోదాన్ని గొంగళి కొరికి పారేసింది.

దుకాణంలో ఒక తమాషా జరిగింది. ఒక ముసలాయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని "ఇంట్లో అంతా దుమ్మేనమ్మా, ఇన్నేళ్ళూ నా కోడలు ఊడుస్తోందనే అనుకున్నాను" అన్నాడు. అద్దం పవరు సరిపోయిందని సంబరపడాలో, ఆ కోడలి కోసం బాధపడాలో తెలియలేదు. స్పష్టంగా చూడటం అందరికీ మంచిది కాదని ఆ పూటంతా అనిపించింది.

ఏమైనా తెలిస్తే తొందరగా రాయి. ఏమీ తెలియకపోతే ఇంకా తొందరగా రాయి.

నీ అక్క

*

ల్యాబు
ఏప్రిల్ 22

అక్కా, బంగారు అక్కా,

నేను వెతికింది కనబడలేదు. ఒకటికి మూడుసార్లు చూశాను. ఆ ద్వారాన్ని తయారుచేసే జన్యువును మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాను, తప్పు ఒక్కటి కూడా లేదు.

ఏం వెతికానో ఇప్పుడు చెప్పొచ్చు. ఆ ద్వారం పుట్టుకతోనే తెరుచుకుని ఉండిపోయే పిల్లలు కొందరుంటారు. ఒళ్ళంతా దట్టంగా వెంట్రుకలు, పెద్ద గుండె, మెదడులో మెలికలు తిరిగిన నాళాలు. మా మేడమ్ గదిలో గోడ మీద అలాంటి ఇద్దరు పిల్లల ఫొటోలున్నాయి. నీ ఉత్తరం విప్పి ఫొటో చూసినప్పుడు ఆ గోడ మీది మూడో ఫొటో నా చేతిలో ఉన్నట్టు అనిపించింది. ఆ రోజు గిన్నెలోని చేపపిల్లల్ని లెక్కపెట్టలేకపోయాను. రెండు నెలలుగా అన్నం సయించలేదు. పోల్చి చూడటానికని నీతో అబద్ధమాడాను. నిన్ను ఊరికే భయపెట్టడమెందుకు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాట కాగితం మీద పెట్టడానికి నాకే చెయ్యి రాలేదు.

ఇక నిశ్చింతగా ఉండు. వెంట్రుకలదేముంది, పెద్దయ్యాక తీయించుకోవచ్చు. గొంగళికి నా తరఫున రెండు ముద్దులు. నుదుటి మీదే పెట్టు.

నీ చెల్లి

*

దుకాణం
మే 9

చెల్లీ,

చదివాను. చదివి గల్లా దగ్గర కూర్చుండిపోయాను. వచ్చినవాళ్ళు ఏం అడుగుతున్నారో పెదాలు చూసినా అర్థం కాలేదు.

తప్పు లేదన్నావు కదా, అది చాలు. నువ్వు మూడుసార్లు చూశానంటే నాకు ముప్ఫైసార్లు చూసినట్టే. పెద్దాసుపత్రి తారీఖు వద్దని చెప్పించాను. ఆ ఎదురుచూపులు, ఆ సూదులు, వాళ్ళు అడిగే ప్రశ్నలు. పుట్టింటి వైపు ఎవరికైనా ఉందా అని మొదటి ప్రశ్నే అది.

అబద్ధమాడినందుకు నీ మీద కోపం లేదు. అబద్ధం ఆడటం నీకొక్కదానికే వచ్చనుకోకు.

నీ అక్క

*

ల్యాబు
మే 28

అక్కా,

తారీఖు ఎందుకు మానుకున్నావు? నేను చూసింది ఒక్క జన్యువు. గుండె చప్పుడుకి వంద కారణాలుంటాయి. నేను చేపల దానినే తప్ప పిల్లల డాక్టర్ని కాదు. వెళ్ళొద్దని నేను రాయలేదు. వెళ్ళమని కూడా రాయలేదని ఇప్పుడు పాత ఉత్తరం నకలు చూసుకుంటే తెలిసింది. నిశ్చింతగా ఉండమని రాశాను. ఆ మాట రాసిన చేతిని నరుక్కోవాలనిపిస్తోంది. వెంటనే ఇంకో తారీఖు తీసుకో.

ఇక్కడ మా పని ఆగదు. ఈ వారం గుడ్డి లెక్క అయ్యాక పక్కబల్ల అమ్మాయి చీటీ విప్పింది. ద్వారం తెరుచుకుపోయిన పిల్లలన్నిటిలో మెదడు నాళాల మీద కండరం అవసరానికి మించి పేరుకుంది. అలాంటి పిల్లకి ఎదురుగా వెలుగు చూపిస్తే, చూడటానికి మెదడు రక్తం అడుగుతుంది. నాళం ఆలస్యంగా కదిలింది. కొన్నిటిలో కదలనే లేదు. మేడమ్ సంతోషించారు, మేం అనుకున్నదే రుజువైంది కదా. నేనూ నవ్వాను. గొంగళి ఆ గిన్నెల్లో లేదని తెలిసి నవ్వగలిగాను.

"అబద్ధం ఆడటం నీకొక్కదానికే వచ్చనుకోకు" అని రాశావు. ఆ వాక్యం నన్ను వదలడం లేదు. దాని అర్థమేంటి?

జవాబు రాయి.

నీ చెల్లి

*

ఇంట్లో
జూలై 16

చెల్లీ,

నెలన్నర నుంచి నీకు రాయాలని కూర్చోవడం, లేచిపోవడం. ఇవాళ రాస్తాను. మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను కాబట్టి కొట్టివేతలుంటే ఓర్చుకో.

ఆ దూదిపుల్ల గొంగళిది కాదు. నాది.

పిచ్చిదాన్నని అనుకోకు. దుకాణంలో కొత్త అద్దం ఏది వచ్చినా ముందు నా కంటికి పెట్టుకుని చూసుకుంటాను, తర్వాతే గిరాకీకి ఇస్తాను. ఇరవై ఏళ్ళ అలవాటు. నీ ఉత్తరంలోని ప్రశ్నలు చదవగానే నువ్వు రోగం వెతుకుతున్నావని తెలిసిపోయింది. వాళ్ళ వైపు లేదని మా అత్తగారు తేల్చేసింది కదా, ముందు నాలో ఉందో లేదో తెలియాలి అనుకున్నాను. నా ఒంట్లో లేనిది దాని ఒంట్లోకి ఎక్కణ్నుంచి వస్తుంది? నేనే ఇచ్చి ఉంటే నాలో కనబడుతుంది, ఇవ్వకపోతే పిల్లకీ లేనట్టే. అలా లెక్క కట్టుకున్నాను. మా అత్తగారు దువ్వెన పట్టుకున్న ప్రతిసారీ నా వైపే వేలు చూపిస్తున్నట్టు ఉండేది. రెండో పుల్ల అది కొరికిందని రాశాను, అదీ అబద్ధమే. సొరుగులో దాచాను.

నీ జవాబు వచ్చాక మొదట నా తప్పు కాదనిపించింది. పిల్ల బాగుందన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. ఏది ముందు వచ్చిందో నాకు తెలుసు, దానికి నేను ఏ దేవుడికి మొక్కుకోవాలో తెలియదు.

నిన్న మీ బావ ఊళ్ళో లేడు. గొంగళి నా కంటే ముందు మెట్లు ఎక్కింది. ఏడో మెట్టు మీద కూర్చుండిపోయింది. పెదాలు పాలిపోయాయి, పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. పిలిచిందేమో నాకు తెలియదు. నేను కింద తలుపుకి తాళం వేస్తూ దాని వైపు వీపు పెట్టి నిలబడ్డాను. ఎంతసేపు పిలిచి ఉంటుంది? తిరిగి చూసేసరికి రెయిలింగు పట్టుకుని నా వైపు చూస్తోంది. ఏడవడానికి కూడా ఊపిరి లేదు దానికి. ఎత్తుకుని చాలాసేపు వీపు రాశాను. తర్వాత సర్దుకుంది. ఇప్పుడు పడుకుని ఉంది. నేను దాని ఛాతీ మీద చెయ్యి వేసి కుడి చేత్తో రాస్తున్నాను. గుండె పరిగెడుతోంది. నాకు వినబడదు కానీ చేతికి తెలుస్తోంది.

చెల్లీ, నాకు చాలా భయంగా ఉంది. రెండో పుల్ల ఈ కవరులోనే పెడుతున్నాను. ఇది దానిదే. ఒట్టు.

అక్క

*

ల్యాబు
జూలై 24

అక్కా,

నీ ఉత్తరం పదకొండు గంటలకి వచ్చింది. పదకొండుంబావుకి బావకి ఫోను చేశాను. లారీ వేరే డ్రైవరుకి అప్పగించి ఇంటికి బయల్దేరాడు. ఈ ఉత్తరం నీకు అందేసరికి గొంగళి పెద్దాసుపత్రిలో ఉండాలి. లేకపోతే ఇది చదవడం ఆపి దాన్ని ఎత్తుకుని వెళ్ళు.

ఇక బావతో ఫోనులో చెప్పలేనివి.

నాకు కోపం వచ్చింది. గొట్టం మీద నా చేత్తో 'గొంగళి' అని రాసి నీకు పంపాను. తిరిగి వచ్చినదాన్ని నమ్మాను. రోజూ వేల కణాలు అంకెలు చూసి లెక్కపెడతాను, ఏ అంకె వెనక ఎవరున్నారో అడక్కూడదని నేర్చుకున్నాను. మా అక్క పంపిన గొట్టాన్ని కూడా అలాగే చూశాను. లోపల ఎవరున్నారని అడగలేదు. అడగాల్సింది ఒక్క ప్రశ్న.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. ఆ పరీక్ష నేను చెయ్యకూడదు. మా ల్యాబు చేపలకి అనుమతి ఉన్నది, మనుషులకి కాదు. నీ అనుమతి కాగితం లేదు, డాక్టరు చీటీ లేదు. మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళినప్పుడు ఒక్కదాన్నే చేశాను. పక్కబల్ల అమ్మాయి తమ్ముడి సంగతి కూడా కట్టుకథ. సరైన దారిలో వెళ్ళుంటే ఫిబ్రవరిలోనే "అక్కా, ఫొటో చూసి భయమేసింది, రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు" అని రాసేదాన్ని. నువ్వు నీ నోట్లో పుల్ల పెట్టుకునే అవసరం వచ్చేది కాదు. ఇవాళ మేడమ్‌తో అంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తల పట్టుకుని కూర్చుని, "ఫొటో నాకెందుకు చూపించలేదమ్మా" అని ఒక్కమాట అన్నారు. నా తాళం చెవి తీసుకున్నారు, విచారణ ఉంటుంది. తర్వాత పిల్లల జన్యువులు చూసే పెద్ద డాక్టరుకి తనే ఫోను చేశారు. నువ్వు పంపిన రెండో పుల్లని నేను ముట్టుకోలేదు. ఆసుపత్రిలో సరైన పరీక్ష చేస్తారు.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చదువు. నీ ఒంట్లో లేనిది దాని ఒంట్లో ఉండొచ్చు. బావ ఒంట్లో లేనిది కూడా. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఆ తప్పు అమ్మ నుంచీ రాదు, నాన్న నుంచీ రాదు. బిడ్డ ఏర్పడే మొదటి క్షణాల్లో ఒక్క అక్షరం మారి, కొత్తగా ఆ బిడ్డలోనే పుడుతుంది. ఎవరూ ఇవ్వలేదు. నువ్వు అడిగుంటే ఇది ఒక్క వాక్యంలో చెప్పేదాన్ని. నేను నిజం చెప్పుంటే నువ్వు అడిగేదానివి.

గొంగళికి ఆ తప్పు ఉందనే నేను అనుకుంటున్నాను. ఫొటోలో చూసినప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను, మధ్యలో ఒక కాగితం కాదన్నందుకు సంతోషంగా నమ్మాను. మా చేపలకి ద్వారాలు మూసే మందు వేస్తే కొన్నిటి నాళాలు కాస్త సర్దుకున్నాయి. దాన్ని పట్టుకుని ఆశలు పెంచుకోకు, చేపకీ పిల్లకీ చాలా దూరం. గుండె సంగతి మాత్రం గుండె డాక్టర్లకి బాగా తెలుసు. ముందు ఊపిరి.

విచారణ ఆగస్టు తొమ్మిదిన. పదిహేనుకి నీ దగ్గరుంటాను.

చెల్లి

*

పెద్దాసుపత్రి, రెండో అంతస్తు, ఎదురుచూసే హాలు
ఆగస్టు 11

చెల్లీ,

నువ్వు పదిహేనుకి వస్తావని తెలుసు. ఈ ఉత్తరం కంటే నువ్వే ముందు చేరతావేమో. గొంగళి గుండెకి పద్దెనిమిదిన చేద్దామనుకున్న చికిత్సని నిన్నటి ఆయాసం చూసి ఇవాళ్టికి జరిపారు. చేతులకి ఏదో ఒక పని ఉండాలి, అందుకే రాస్తున్నాను. మీ బావ కిందకీ పైకీ తిరుగుతున్నాడు. మనిషిని కూర్చోమంటే కూర్చోడు.

పరీక్ష ఫలితం నిన్న వచ్చింది. ఉంది. నువ్వు అనుకున్న జన్యువులోనే తప్పు. మా ఇద్దరిలోనూ లేదు. ఆ కాగితాన్ని మా అత్తగారికి చదివి వినిపించాడు మీ బావ. కాసేపటికి ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. సంతోషిస్తాననుకున్నాను. తప్పు నాది కాదని తెలిస్తే గాలిలో తేలతాననుకుని ఆర్నెల్లు పోగొట్టుకున్నాను. ఏమీ అనిపించలేదు. నాది అయినా ఫరవాలేదు, అది ఊపిరి తీసుకుంటే చాలు అనిపించింది.

గుండె దగ్గర పుట్టగానే మూసుకోవాల్సిన ఒక నాళం దానికి మూసుకోలేదట. ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువగా పోతోంది, గుండె పెద్దదైంది. తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి తీగ పంపి మూస్తారట. అదే మత్తు నిద్రలో తలకి కూడా ఫొటో తీస్తారు. మెదడు నాళాల్లో ఎక్కడైనా పలచబడి కారుతోందేమో చూడాలన్నారు. డాక్టరు కుర్రవాడే. "ముందు ఎవరు కనిపెట్టారు" అని అడిగాడు. మా చెల్లెలు అన్నాను. "ఎప్పుడు?" అన్నాడు. ఫిబ్రవరి అన్నాను. ఆయన రాసుకున్నాడు. నేను తల దించుకున్నాను. ఆ ఆర్నెల్లు మన ఇద్దరివీ, చెల్లీ. సగం సగం పంచుకుందాం, నువ్వొక్కదానివే మొయ్యకు.

లోపలికి తీసుకెళ్ళేటప్పుడు దాని బట్టలు విప్పి నాకిచ్చారు. ఒంటి మీద ఒక్క గుడ్డ కూడా లేకుండా ఆ మంచం మీద కూర్చుంది. అందరూ చూశారు. ఒక నర్సమ్మ దాని వీపు నిమిరి ఏదో అంది, అది నవ్వింది. ఆ నవ్వు చూసి నేను టోపీలు కుట్టిన రోజులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

గంటన్నర అయింది. ఒక గంట అన్నారు.

గోడ మీద ఎర్ర దీపం ఉంది. అది ఆరితే అయిపోయినట్టట. నేను దాన్ని చూస్తూ రాస్తున్నాను, అక్షరాలు ఎక్కడ పడుతున్నాయో తెలియదు. రెండు గంటలు కావస్తోంది. ఒకామె పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్ళింది. చేతిలో ఏదో సంచీ. ఎందుకు పరిగెత్తింది? మీ బావ కనబడటం లేదు. ఎవరైనా పేరు పెట్టి పిలుస్తున్నారేమో, నాకు వినబడదు, అందుకని తలుపు మీంచి కన్ను తియ్యడం లేదు. మెట్ల మీద అది ఎంతసేపు పిలిచిందో ఇప్పుడు నాకు తెలుస్తోంది.

దీపం ఆరింది. డాక్టరు వస్తున్నాడు. ముఖానికి గుడ్డ ఉంది, పెదాలు కనబడటం లేదు. నా ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. నాకు ఒక్క ముక్క తెలియడం లేదు. చెవి చూపించాను. ఈ కాగితమే ఇస్తున్నాను.

_నాళం మూసేశాం. పాప బాగుంది, తనే ఊపిరి తీసుకుంటోంది. తలలో నాళాలు మెలికలు తిరిగి, అక్కడక్కడ వెడల్పుగా ఉన్నాయి. ఎక్కడా కారడం లేదు. ఏటా ఒకసారి ఫొటో తీసి చూడాలి. అరగంటలో లోపలికి పిలుస్తాం._

పైన ఉన్నది ఆయన రాత. డాక్టర్లందరిదీ ఇలాగే ఉంటుంది కాబట్టి కూడబలుక్కుని చదువుకో. నేను నాలుగుసార్లు చదివాను. "ఏటా" దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోయాను. అంటే ఇది పోదు, ప్రతి ఏడూ ఇదే హాలు, ఇదే దీపం, ఇదే భయం.

ఐదోసారి చదివితే తోచింది. ఏటా చూడాలన్నాడంటే వచ్చే ఏడు అది ఉంటుందనే కదా, చెల్లీ.

అక్క